బూడిద కడిగిన వాన

(‘పొయ్యి పక్క కాపురం’ ధారావాహికలో ఈ వారం)

కిందటి వారం మనం వీళ్ళని గాడిద మీద వదిలేసి వచ్చాం. ఇంకా దాని మీదే ఉన్నారు, ఎక్కడికీ పోలేదు. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పాతవాళ్ళు ఈలోగా లేచి కాఫీ పెట్టుకోండి.

సతుర్నీనా ముసలమ్మ వంటింట్లో, పొయ్యి చుట్టూ మట్టి నేల మీద కాపురముండే కూయిల కుటుంబం కథ ఇది. పట్నంవాళ్ళు వీటిని గినీ పందులంటారు. ఆ మాట మాత్రం ఓకా తాత ముందు అనకండి, పంది అన్న పేరు వింటే ఆయనకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ముసలమ్మ మొగుడు మంచం పట్టాడు. ఏ రోగమో ఎవరికీ అంతుపట్టలేదు. ఇలాంటప్పుడు మా కొండల్లో చేసేది ఒకటే. నల్ల కూయిని తెచ్చి రోగి ఒళ్ళంతా దానితో రుద్దుతారు. తర్వాత దాని కడుపు కోసి, రోగం ఎక్కడ దాక్కుందో చూసి చెబుతారు. రోగి బతుకుతాడో లేదో గానీ కూయి మాత్రం బతకదు. మంగళవారం, శుక్రవారం తప్ప ఈ పని చెయ్యరు.

నిన్న, గురువారం పొద్దున్న, ముసలమ్మ చెయ్యి పొయ్యి పక్కకి వచ్చి కిన్వాని ఎత్తుకుంది. ఆ ఇంట్లో నల్లవాడు వాడొక్కడే. నాటు వైద్యుడు దోన్ అపొలినార్ మనిషి వాడిని బుట్టలో వేసుకుపోయాడు. కొడుకులు ముసలాయన్ని కూడా అక్కడికే మోసుకెళ్ళారు. ఇవాళ పొద్దు గుంకేలోగా కిన్వాని తప్పించాలి. అందుకని, వైద్యుడింటికి ముసలమ్మ తోలుకెళ్తున్న బర్తోలో అనే గాడిద మీద, అల్ఫాల్ఫా గడ్డి గంపలో దాక్కుని నలుగురు బయల్దేరారు. కిన్వా తల్లి ఉచు, ఆమె వదిన మూన్యా, మూన్యా కూతురు తార్వి, తోడుగా ఓకా తాత. ఓకా తాత తోడంటే ఎలాంటి తోడో మీరే చూస్తారు.

దారి ఏటవాలుగా పైకి పోతోంది. ముందు ముసలమ్మ టోపీ, వెనక గాడిద చెవులు. గంపలో గడ్డి కింద వెచ్చగా ఉంది.

“వదినా, కాస్త తిను. పొద్దుట్నించీ నోట్లో పోచ పెట్టలేదు నువ్వు,” అంది ఉచు.

“ఆకలిగా లేదు.”

“కొడుకు పోయింది నాకు. నేను తింటున్నా. నువ్వెందుకే పస్తు?”

మూన్యా తేలు కుట్టిన దొంగలా గంప మూల నక్కి కూర్చుంది.

“నేనే పంపానే వాడిని,” అంది ఉచు. “చలిగా ఉందమ్మా అంటే, పొయ్యి పక్కకి పోయి పడుకోరా అని నేనే తోశాను. అక్కడే ఉన్నాడు కాబట్టే ముసలమ్మ చేతికి చిక్కాడు. నా చేతుల్తో నేనే అప్పగించినట్టయింది.”

“అలా అనకు ఉచూ.”

“ఎలా అనకుండా ఉంటాను? ఒక్కటి మాత్రం చెబుతా వదినా. నీ పిల్ల క్షేమంగా ఉంది. హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు. అయినా నా కోసం పిల్లని కూడా వెంటేసుకుని బయల్దేరావు. మా అన్న ఉండుంటే ఎంత మురిసిపోయేవాడో.”

ఆ అన్న, అంటే మూన్యా మొగుడు, కిందటేడు పండక్కి వెళ్ళాడు. వంటింటి కూయిల్లో ‘పండక్కి వెళ్ళడం’ అంటే ఏమిటో నేను విడమరచి చెప్పను, పిల్లలు కూడా చదువుతారు. వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదని మాత్రం చెబుతాను.

ఆడపడుచు పొగిడిన ప్రతి మాటకీ మూన్యా ముడుచుకుపోయింది. తిట్టి ఉంటే బాగుండేది. చెంప మీద ఒకటి కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

కిందటి వారం ఒక సంగతి మీ దగ్గర దాచాను. ఇప్పుడు చెప్పకపోతే కథ నడవదు. అందరూ అనుకుంటున్నట్టు తార్వి బూడిదరంగు పిల్ల కాదు. కట్టెల మోపు వెనక పుట్టినప్పుడు అది బొగ్గుముక్కంత నల్లగా ఉంది. మొగుణ్ణి పండక్కి పంపిన మూన్యా, ఆ నలుపు చూడగానే గుండె జారిపోయి, తడి ఆరకముందే పిల్లని పొయ్యి బూడిదలో దొర్లించింది. అప్పట్నించీ రోజూ పొద్దున్నే, ఎవరూ లేవకముందే, కూతురికి బూడిద పూస్తోంది. ఎందుకమ్మా అంటే పేలు పడకుండా అంటుంది. వంటిల్లంతా పొగ, చీకటి. ముసలమ్మకి చూపు ఆనదు. చుట్టాలకి అనుమానమే రాలేదు.

“ఓయ్,” అన్నాడు బర్తోలో కింద నుంచి. “నా వీపు తేలికవుతోంది. ఏం జరుగుతోందక్కడ?”

“ఏం లేదు నాయనా,” అన్నాడు ఓకా తాత నోటి నిండా ఏదో పెట్టుకుని. “కొండ ఎక్కుతున్నాం కదా. పైకి పోయేకొద్దీ బరువు తగ్గుతుంది.”

“నేను గాడిదనే, ఒప్పుకుంటా. మరీ అంత గాడిదని కాదు. గడ్డి తినేస్తున్నారా?”

“ఒక్క పోచ తిన్నాను.”

“ఇందాకట్నించీ ఆ ఒక్క పోచే తింటున్నావా తాతా?” అంది తార్వి. “నాకు ఆకాశం కనబడుతోంది. మనం దాక్కోడానికి వేసుకున్న గడ్డి కదా ఇది!”

“నువ్వు తినలేదా మరి?”

“నువ్వు తింటుంటే నోరూరింది.”

ఉచు కూడా మూతి తుడుచుకుంది. దుఃఖంలో ఉన్న తల్లి ఎంత తిన్నదో అడగడం మర్యాద కాదు. కూయి జాతికి ఉన్న తిప్పలే ఇవి. పచ్చగడ్డిలో దాక్కోమంటే దాక్కుంటాయి, దాక్కున్నంతసేపూ తింటాయి, తినేశాక దాక్కోడానికేమీ మిగలదు. పెద్దలు చెప్పిన పథకం, పిల్లలు మెచ్చిన పథకం, అందరూ కలిసి నమిలేసిన పథకం.

కొండ మీద మబ్బు కిందకి దిగింది. మధ్యాహ్నమయ్యేసరికి మా వైపు వాన రాకుండా ఉండదు.

“వాన,” అన్నాడు బర్తోలో. “చెప్పలేదనకండి.”

మూన్యా దిగ్గున లేచింది. “గడ్డి! గడ్డి కప్పండి దాని మీద! తార్వీ, నా కిందకి రా!”

“ఏ గడ్డీ?” అంది ఉచు.

అందరూ ఓకా తాత వంక చూశారు. ఆయన పెదవి మీద నుంచి ఆఖరి పోచ వేలాడుతోంది. దాన్ని మెల్లగా బయటికి లాగి, మర్యాదగా ముందు పెట్టాడు.

మొదటి చినుకులు బరువుగా పడ్డాయి. తర్వాత వాన ఒక్కసారిగా కుమ్మరించింది. మూన్యా కూతురి మీద పడుకుంది, తన ఒళ్ళు చాలలేదు. తార్వి ఏపుగా పెరిగిన పిల్ల, తల్లి కిందనుంచి అటు ఇటు పొడుచుకొస్తోంది. గంప అడుగున నీళ్ళు మురికిగా పారాయి.

“అమ్మా, చక్కిలిగిలి పెట్టకే! ఊపిరాడట్లేదు!” తార్వి గింజుకుని బయటపడింది. ఒళ్ళు విదిలించింది. బూడిద నీళ్ళు ఉచు మొహం మీద చిందాయి. “చూడు, పేలకి పూసిందంతా పోయింది. మళ్ళీ ఇంటికెళ్ళాక పూస్తావా?”

ఉచు మొహం తుడుచుకుని, మేనకోడలి వంక చూసింది. మళ్ళీ చూసింది. వానలో తడిసి నిగనిగలాడుతూ, ముక్కు నుంచి గోళ్ళ దాకా నల్లగా, గంప మధ్యలో తార్వి నిలబడి ఉంది.

“ఏం పూసిందమ్మా మీ అమ్మ?” అంది ఉచు చాలా మెల్లగా.

“బూడిద. రోజూ పూస్తుందిగా. నిన్న ముసలమ్మ వచ్చే ముందైతే రెండుసార్లు పూసింది. ముసలమ్మ చెయ్యి నా వీపు మీద కూడా పడిందత్తా! నన్ను పైకెత్తి చూసి, ఇది బూడిదది, పనికిరాదు అని వదిలేసింది.”

ఓకా తాత దగ్గబోయి, మానుకున్నాడు.

“వదినా,” అంది ఉచు.

మూన్యా తల ఎత్తలేదు.

“వదినా, నిన్నే. నా వంక చూడు.”

“తల్లిని ఉచూ. నేనేం చెయ్యను? పుట్టిన పిల్ల నల్లగా ఉంటే...”

“నీ పిల్లని దాచుకున్నందుకు నేనేమైనా అన్నానా? నేనైనా దాచుకునేదాన్నే.” ఉచు మాటలు వానలో కూడా స్పష్టంగా వినబడ్డాయి. “పొయ్యి నిండా బూడిద ఉంది. అది నీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్మా? ఒక్క గుప్పెడు నా కొడుక్కి కూడా పూయమని చెబితే నీ నోటి ముత్యాలు రాలేవా?”

“చెబుదామనే అనుకున్నా.”

“ఎప్పుడు? వాడు పుట్టినప్పుడా? నిన్న ముసలమ్మ వంగి వెతుకుతున్నప్పుడా? పక్కనే ఉన్నావు కదే! నీ పిల్లకి రెండోసారి పూసుకునే తీరిక దొరికింది కదా. నా చెవిలో ఒక్క మాట వేసే తీరిక దొరకలేదా?”

అబద్ధం చెప్పడానికి మూన్యాకి అప్పుడు కూడా దారి ఉంది. గుర్తు రాలేదనవచ్చు, భయంతో నోరు రాలేదనవచ్చు. ఉచు నమ్మేది కూడా. ఆడపడుచు మనసు మెత్తన. ఉచు అంటే మిరపకాయే గానీ, అది పేరుకే. కానీ నిన్నట్నించీ ఆ పొగడ్తలు మోసి మోసి మూన్యా అలిసిపోయింది.

“చెప్పకూడదనే చెప్పలేదు,” అంది.

“ఏంటీ?”

“ఇంట్లో నల్లది ఒక్కటీ కనబడకపోతే ముసలమ్మ ఊరుకోదు. ఒక్కొక్కళ్ళనీ ఎత్తి, దులిపి చూస్తుంది. అప్పుడు దొరికిపోతాం. ఒక్కటి నల్లగా కనబడితే దాన్ని తీసుకుని వెళ్ళిపోతుంది.” మూన్యా గంప అడుగున పారుతున్న మురికినీళ్ళ వంక చూసింది. “కిన్వా పుట్టిన రోజు వాణ్ణి చూసి నేను సంతోషించాను ఉచూ. అందరూ పిల్లాడు బాగున్నాడని సంతోషించారు. నేను నల్లగా ఉన్నాడని సంతోషించాను.”

వాన సన్నబడింది. ఉచు ఏడుస్తుందనుకున్నారు, ఏడవలేదు. మీద పడి కొరుకుతుందనుకున్నారు, కొరకలేదు. గంపలో అటు చివరికి పోయి, వదినకి వీపు పెట్టి కూర్చుంది.

“నిన్నట్నించీ నన్నే తిట్టుకుంటున్నా,” అంది అటు తిరిగే. “పొయ్యి దగ్గరికి నేనే పంపానని. రాత్రంతా నీ ఒళ్ళోనే కదే తలపెట్టి ఏడ్చాను. నీ తప్పేం లేదులే ఉచూ అని నువ్వు నా వీపు నిమిరావు. తప్పు ఎవరిదో తెలిసి కూడా నిమిరావు.”

“అమ్మాయ్,” అన్నాడు ఓకా తాత, పెద్దమనిషి తరహాలో. “జరిగిందేదో జరిగింది. కడుపు తీపి అలాంటిది. ఇప్పుడు గొడవ పడితే...”

“నువ్వు గడ్డి తిను తాతా.”

“అయిపోయింది,” అన్నాడు ఆయన నిజాయితీగా.

బర్తోలో నడుస్తూనే ఒక చెవి వెనక్కి తిప్పాడు. “నేను మధ్యలో మాట్లాడకూడదు గానీ, మోసేవాణ్ణి కాబట్టి చెబుతున్నా. ఎక్కినప్పటికన్నా ఇప్పుడు బరువుగా ఉన్నారు మీరు.”

అన్నిటికన్నా ఘోరం ఏమిటంటే, ఇంతసేపూ తార్వి ఒక్క ముక్క మాట్లాడలేదు. నిద్రలో కూడా వాగే పిల్ల అది. తన నల్లటి ముందుకాళ్ళు చూసుకుంటోంది, తిప్పి చూసుకుంటోంది. పుట్టి బుద్ధెరిగాక తన రంగు తాను చూసుకోవడం అదే మొదటిసారి.

“అమ్మా,” అంది చివరికి. “కిన్వా బావ నా బదులు వెళ్ళాడా?”

మూన్యా దగ్గరికి తీసుకోబోయింది. తార్వి ఒక అడుగు వెనక్కి వేసింది. పుట్టినప్పట్నించీ కూతురు అలా వెనక్కి తగ్గడం మూన్యా ఎరగదు.

“చెప్పవే. నా బదులేనా?”

“అవును తల్లీ.”

“వెళ్ళేటప్పుడు నన్ను చూసి నవ్వాడమ్మా. భయపడకే బూడిద పిల్లా, తిరిగొచ్చేస్తాగా అన్నాడు.”

గాడిద ఆగింది. వైద్యుడింటి ముంగిలి వచ్చేసింది.

వాన వెలిసి, ఎండ తిరిగింది. రాతి గోడల ఇల్లు, కప్పు మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. అరుగు మీద దుప్పట్లు కప్పుకుని ముసలాయన పడుకున్నాడు, దగ్గుతున్నాడు. గంప సందుల్లోంచి నలుగురూ ఊపిరి బిగబట్టి చూశారు. మనుషుల మాటలు కూయిలకి అర్థమవుతాయి. కూయిల మాటలు మనుషులకి ఉత్త ఈలల్లా వినబడతాయి. అందుకే కిక్కురుమనకుండా ఉండాలి.

దోన్ అపొలినార్ బుగ్గన కోకా ఆకులు పెట్టుకుని బయటికి వచ్చాడు. చేతిలో కిన్వా ఉన్నాడు. బతికే ఉన్నాడు. ఉచు గంప సందుకి మూతి ఆనించింది.

“ఏం సతుర్నీనా, ఇదా నువ్వు పంపింది?” అన్నాడు ఆయన. “ఇటు రా, చూడు. పొట్ట కింద తెల్ల మచ్చ.”

ముసలమ్మ కళ్ళు చికిలించింది. “నాకు కనబళ్ళేదు దోన్ అపొలినార్. ముసలిదాన్ని, పొగలో ఏం చూస్తాను?”

“మచ్చ ఉన్న కూయి సగం నిజమే చెబుతుందమ్మా. సగం రోగం పట్టుకుని ఏం చేస్తాం? పూర్తి నల్లది కావాలి.”

“మా ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే నల్లది.”

“అయితే చేసేదేముంది, దీంతోనే కానిద్దాం. పొద్దు గుంకేలోగా మచ్చలేనిది ఎక్కడైనా దొరికితే తీసుకురా. దీన్ని నీకు వెనక్కి ఇచ్చేస్తా, పట్టుకుపో.” ఆయన కిన్వాని అరుగు మీది బుట్టలో పడేసి మూత పెట్టాడు.

ముసలమ్మ మొగుడి వంక చూసింది. ఆయన ఆమె వంక చూశాడు. ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. పాపం, ఆమె చెడ్డది కాదు. రోజూ బంగాళాదుంప తొక్కలు వేడిగా ఉంటే ఆరబెట్టి మరీ వేస్తుంది వీళ్ళకి.

గంపలో ఉచు మెల్లగా ఇటు తిరిగింది. ఆమె కళ్ళు తార్వి మీద ఆగాయి. మచ్చలేని పిల్ల. కడిగిన పిల్ల. గంప మీద గడ్డి కూడా లేదు. ఒక్క ఈల వేస్తే చాలు, ముసలమ్మ ఇటు చూస్తుంది. చూస్తే కిన్వా ఇంటికొస్తాడు.

ఆ సంగతి ఉచుకి తెలుసు. ఆమెకి తెలుసని మూన్యాకి తెలుసు.

‘వద్దు ఉచూ’ అనాలని మూన్యా నోరు తెరిచింది. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? ఒక తల్లి నోరు మూసుకుని తన పిల్లని కాపాడుకుంటే, ఇంకో తల్లి నోరు తెరిచి తన పిల్లాణ్ణి కాపాడుకోకూడదని ఏ పెద్దలు చెప్పారు? అడిగే హక్కు ఉన్నదల్లా నిన్న పొద్దున్నే పోగొట్టుకుంది. ఆడపడుచు నోటి వంకే చూస్తూ ఉండిపోయింది. ఉచు మీసాలు వణికాయి. ఆమె పెదవులు విడివడ్డాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. తర్వాత ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు కూడా మూసుకుంది.

ఈల వినబడింది.

సన్నగా, పొడుగ్గా, ముంగిలంతా వినబడేలా. ముసలమ్మ వెనక్కి తిరిగింది. దోన్ అపొలినార్ నమలడం ఆపాడు. గంప అంచు మీద, ఎండలో, తార్వి రెండు కాళ్ళ మీద నిలబడి ఉంది.

“దిగవే! తార్వీ, దిగు!” మూన్యా అరిచింది. అది మనుషులకి ఇంకో ఈల అయింది.

“బావని ఇంటికి తీసుకెళ్ళమ్మా,” అంది తార్వి వెనక్కి చూడకుండా.

“ఓరి దేవుడో, ఇదెక్కణ్ణించి వచ్చింది? మా ఇంటి కూయిలే ఇవి!” సతుర్నీనా గబగబా వచ్చింది. బర్తోలో పక్కకి జరిగాడు, తన్నబోయాడు, ముసలమ్మ వాడి మూతి మీద ఒకటి వేసింది. మూన్యా గంప అంచుకి ఎగిరింది, జారింది, మళ్ళీ ఎగిరింది. ఆ పెద్ద చెయ్యి ఆమె పక్కనుంచే వచ్చి తార్విని ఎత్తుకుని వెళ్ళిపోయింది.

“ఇప్పుడు తెలిసిందా వదినా,” అంది ఉచు. ఏడుస్తూనే అంది. అందులో కసి లేదు, అదే మూన్యాని ఎక్కువ కోసింది.

దోన్ అపొలినార్ తార్విని వెల్లకిలా అరచేతిలో పడుకోబెట్టాడు. తడి వెంట్రుకలు వేలితో పాయలు తీస్తూ, మెడ దగ్గర్నుంచి పొట్ట మీదుగా, తెల్ల మచ్చ కోసం వెతకడం మొదలుపెట్టాడు.

తార్వి ఒంటి మీద తెల్ల వెంట్రుక ఒక్కటి కూడా లేదు. రోజూ బూడిద పూసిన మూన్యాకి ఆ సంగతి తెలుసు.